కళ్ళు కాగితానివి, చెవి గంటది

మా టైపు మాస్టారు పోయారు. మంగళవారం పొద్దున్న మొదటి బ్యాచికి వెళ్ళిన మాకు ఆ కబురు ఇన్‌స్టిట్యూటు మెట్ల మీదే తెలిసింది. పైన తలుపుకి తాళం వేసి ఉంది. ఎదురుగా ఉన్న కిళ్ళీ బడ్డీ ఆయన రోడ్డు దాటి వచ్చి, "ఇంకెక్కడి క్లాసులమ్మా, మాస్టారు రాత్రి వెళ్ళిపోయేరు. గుండె నొప్పన్నారు. ఆసుపత్రి దాకా కూడా ఆగలేదు," అన్నాడు. నా చేతిలో చుట్ట చుట్టిన తెల్లకాగితాలున్నాయి. వాటిని ఏం చెయ్యాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాను.

ఆయన గురించి కాలేజీ పత్రికకి రాయమని మా తెలుగు లెక్చరర్ గారు అన్నారు. మాటలు ఏరుకోవడం ఈ మధ్యే నాకు అలవాటైంది. విసుగు వేరు, చిరాకు వేరు, ఉక్రోషం వేరు అని కనిపెట్టి మురిసిపోతున్న రోజులివి. ఈ మూడింటినీ నేను నేర్చుకున్నది పుస్తకాల్లో కాదు, మాస్టారి ఇన్‌స్టిట్యూటులో, పచ్చటి అక్షరాలు పడే ఒక తెర ముందు. ఆయన్ని తలుచుకుంటే ఆ గొడవే ముందు గుర్తొస్తోంది. పోయినవాళ్ళ గురించి మంచి మాటలు రాయాలంటారు. ఇదీ మంచి మాటే అనుకుంటున్నాను.

అమలాపురంలో ఒక బట్టల కొట్టు పైన రెండు గదులు ఆయన ఇన్‌స్టిట్యూటు. పెద్ద గదిలో వరసగా టైపు మిషన్లు. కొత్తగా చేరినవాళ్ళ చేతుల మీద మాస్టారు తన తువ్వాలు కప్పేసేవారు. మీటలు కనపడకూడదు. "వేళ్ళకి కళ్ళు రావాలి తల్లీ, అందాకా నీ కళ్ళకి పని లేదు," అనేవారు. శనివారం వచ్చిందంటే కిరసనాయిలు, పాత పళ్ళ బ్రష్షు పట్టుకుని ఒక్కొక్క అక్షరాన్నీ తోమేవారు. ఆ వాసన ఆదివారం చర్చిలో కూడా ఆయన దగ్గర వస్తూనే ఉండేదట. మాస్టారి భార్య చెప్పేవారు. ఆవిడని మేమంతా అమ్మగారు అని పిలుస్తాం.

ఆయన రోజూ చెప్పే మాట ఒకటుంది. "కళ్ళు కాగితానివి, వేళ్ళు మీటలవి, చెవి గంటది." టైపు నేర్చుకోనివాళ్ళ కోసం చెప్తాను. వరస చివరికి వస్తోందనగా మిషను 'టింగ్' మంటుంది. అది వినగానే కొడుతున్న మాట పూర్తిచేసి, ఎడమచేత్తో పిడిని తోసి కొత్త వరసకి వెళ్ళాలి. తల ఎత్తకూడదు. గంటకీ చేతికీ మధ్యన ఆలోచన దూరకూడదు. ఇందుకు ఆయన పెట్టే పరీక్ష ఒకటుండేది. మేము కూజా దగ్గర నీళ్ళు తాగుతూనో, కబుర్లాడుతూనో ఉంటే వెనకనుంచి వచ్చి బల్ల మీది పిలుపుగంట టక్కున నొక్కేవారు. ఎవరి ఎడమచెయ్యి దానంతటది పక్కకి కదిలితే వాళ్ళు నెగ్గినట్టు. "ఆయ్! ఇంక నువ్వు టైపిస్టువే," అనేవారు. నా చెయ్యి తొందరగానే కదిలింది. నా స్నేహితురాలు సుగుణ చెయ్యి ఎన్నాళ్ళకీ కదల్లేదు. పైగా అది దొంగచూపులు చూస్తూ కొట్టేది. "సుగుణమ్మా, తల దించు!" అన్న కేక మా గదిలో గడియారం లాంటిది.

చిన్న గదిలోకి కంప్యూటరు వచ్చింది నిరుడు. అది మాస్టారిది కాదు. ఊళ్ళో ధర్మానికి నడిచే కంటి ఆసుపత్రి ఒకటి కొనుక్కుంది. వాళ్ళకి యంత్రం ఉంది గానీ కొట్టేవాళ్ళు లేరు. మా ఇన్‌స్టిట్యూటులో కొట్టేవాళ్ళున్నారు గానీ యంత్రం లేదు. పల్లెల్లో కంటి శిబిరాలు పెట్టి, శుక్లాలున్నవాళ్ళ వివరాలు కార్డుల మీద రాసుకొచ్చేవారు. మేము వాటిని కంప్యూటరులోకి ఎక్కించాలి. అది అందరికీ ఆపరేషను తేదీ వేసి పోస్టుకార్డుల మీద అచ్చుకొడుతుంది. కార్డు అందినవాళ్ళు వచ్చి కళ్ళు బాగుచేయించుకుంటారు. ఆ గదిలో పని నేర్చుకుంటే రేపు ఉద్యోగం దొరుకుతుందని మా ఆశ. టైపుకి రోజులు చెల్లిపోయాయని అందరూ అంటున్నప్పుడు, తన పిల్లలు వెనకబడకూడదని మాస్టారి ఆశ.

కాకినాడ నుంచి ఒక ప్రోగ్రామర్ గారు వచ్చి తెర మీద ఫారం తయారుచేసి వెళ్ళారు. మాస్టారు వాటిని గళ్ళు అనేవారు. మొదటి గడిలో పేరు, రెండో దాంట్లో తండ్రి పేరు గానీ భర్త పేరు గానీ, తరవాత ఊరు, పోస్టు, చివర్న వివరాలు. మిషను మీద పిడి తోసినట్టు ఇక్కడ గడి గడికీ ఎంటర్ మీట నొక్కాలి. కార్డు పూర్తయ్యాక ఇంకో మీట నొక్కితే కొత్త ఫారం వస్తుంది. మా కోనసీమ పేర్ల సంగతి తెలిసిందే. ఇంటిపేరుతో మొదలుపెట్టి వెంకట సత్య సూర్యనారాయణ అంటూ గోదావరిలా సాగుతాయి. అంత పొడుగు పేర్లని గడికి సరిగ్గా పట్టేట్టు కుదించి ఆసుపత్రివాళ్ళు ఎర్రసిరాతో రాసి పంపేవారు.

ఆ యంత్రానికీ గంట ఉంది. కుయ్యిమంటుంది. తప్పుడు మీట నొక్కినా కుయ్యి, గడి నిండినా కుయ్యి. "రెండింటికీ ఒకే కేకైతే తిడుతోందో పిలుస్తోందో ఎలా తెలుస్తుందమ్మా?" అని మాస్టారు మొదటి రోజే విసుక్కున్నారు. అప్పుడు నవ్వుకున్నాం.

మొదటి విడత కార్డులు వెళ్ళాక, ఒక మధ్యాహ్నం ఆసుపత్రి మేనేజరు గారు మెట్లెక్కి వచ్చారు. చేతిలో, చేరకుండా తిరిగొచ్చిన పోస్టుకార్డుల కట్ట.

"మాస్టారూ, రాజోలు దగ్గర సూర్రావు అనే ఊరుందాండీ?"

"లేదండి."

"మరి మీ పిల్లలు పుట్టించేరండి. ఇదిగో, ఈవిడ ఊరు అప్పన్న. ఈయన ఊరు వీర్రాజు. పోస్టుమేన్ నవ్వుతున్నాడండి, 'ఈవిడకి మొగుడే ఊరా' అని." ఆయన మాత్రం నవ్వలేదు. "మంచాలు వేసుకుని, డాక్టరు గారిని పిలిపించుకుని కూర్చున్నామండి. సగం మంది రాలేదు. వాళ్ళకి కబురే అందలేదు."

మాస్టారు కార్డులు తిరగేసి చూశారు. మిగతా సగం సరిగ్గానే చేరాయి. వీటిలో మాత్రం రెండో గడి ఖాళీ. భర్త పేరు ఊరి గడిలో, ఊరు పోస్టు గడిలో, పోస్టు వివరాల గడిలో. బస్సులో ఒకరు లేస్తే అందరూ జరిగి కూర్చున్నట్టు అన్నీ ఒక్కో గడి జరిగిపోయాయి.

"వచ్చే విడత కూడా ఇలాగే వస్తే కంప్యూటరు కాకినాడ పట్టుకుపోతామండి. ఈలోగా ఇవి ఎవరు కొట్టేరో ఆ పిల్లని మానిపించండి," అన్నారు మేనేజరు గారు.

"మానిపించడం తరవాతండి. ముందు ఎందుకయ్యిందో చూడనివ్వండి."

చూస్తే, ఆ తప్పుల్లో ఎక్కువ నావే. అందరికన్నా వేగంగా కొట్టేదాన్ని నేను. నా తరవాత ఎక్కువ తప్పులు బాగా కొట్టే మిగతావాళ్ళవి. సుగుణవి ఒక్కటీ లేవు. "అది కొట్టిందే గుప్పెడు, తప్పులెక్కణ్ణుంచి వస్తాయి?" అని ఎవరో వెక్కిరించారు. నాకు మాత్రం తల తిరిగిపోయింది. కార్డులో ఉన్నదే కొట్టానని నాకు తెలుసు. నా వేళ్ళు అబద్ధమాడవు. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. అది దుఃఖం కాదు, ఉక్రోషం. తప్పు చెయ్యలేదని తెలిసి కూడా చూపించలేకపోతే వచ్చేది.

ఆ రోజుల్లో మేము అనుమానించని వస్తువు లేదు. ముందు కరెంటు. అది పోయి వచ్చినప్పుడల్లా గళ్ళు కదిలిపోతున్నాయేమో అని కరెంటు నిలకడగా ఉన్న పూట మళ్ళీ కొట్టి చూశాం. అవే తప్పులు. తరవాత ఫ్లాపీ. కొత్తది పెట్టాం. అవే తప్పులు. తరవాత ఎంటర్ మీట రెండుసార్లు పడుతోందేమో అని మాస్టారు దాన్ని ఊడదీసి, బ్రష్షుతో తోమి, మళ్ళీ బిగించారు. "ఒకసారికి ఒకటే మార్చాలి తల్లీ. రెండు మారిస్తే ఏది నయం చేసిందో తెలీదు," అన్నారు. ఏదీ నయం చెయ్యలేదు. పది కార్డులు బాగా వస్తాయి, ధైర్యం వస్తుంది, పదకొండోది పాడవుతుంది. ఎప్పుడూ పాడైతే ఒక దారి. ఎప్పుడో ఒకప్పుడు పాడయ్యేదాన్ని ఎక్కడ పట్టుకుంటాం? చిరాకు అంటే ఇదే అనుకున్నాను, చెప్పులో కనపడని ఇసకరేణువు.

ప్రోగ్రామర్ గారిని పిలిపించాం. ఆయన బల్ల ముందు కూర్చుని తన పేరే కొట్టి చూపించారు. ఇంగ్లీషులో మూడంటే మూడక్షరాల పేరు. చక్కగా వచ్చింది. మళ్ళీ కొట్టారు. మళ్ళీ చక్కగా వచ్చింది.

"ఫారంలో ఏ లోపమూ లేదండి. మీ పిల్లలే ఏదో నొక్కుతున్నారు."

"నా పిల్లలు కార్డులో లేనిది నొక్కరండి," అన్నారు మాస్టారు.

"మరి దయ్యం నొక్కుతోందేమోనండి," అని ఆయన కాకినాడ బస్సెక్కేశారు.

ఆ సాయంత్రం నేను ఇంక రానని చెప్పేశాను. మాస్టారు నా వంక చూడకుండా రిబ్బను చుడుతూ, "తప్పు దొరికేదాకా ఎవరి మీదా కోపం తెచ్చుకోకు, నీ మీద కూడాను. దొరికేక కోపం ఎలాగూ ఉండదు," అన్నారు. ఆ రెండో మాట నిజం కాదని తరవాత తెలిసింది.

మాకు పరీక్షలొచ్చాయి. రెండో విడత కార్డులు గుట్ట పడ్డాయి. కొట్టేవాళ్ళు లేక అమ్మగారే చీర చెంగు దోపుకుని కూర్చున్నారు. ఆవిడకి టైపు రాదు. కోడి గింజలు ఏరుకున్నట్టు చూపుడువేలితో ఒక్కొక్క అక్షరం వెతికి పొడిచేవారు. రానన్న మాట పక్కన పెట్టి, ఆఖరి పరీక్ష కాగానే నేను వెళ్ళేసరికి మాస్టారు ఆవిడ కొట్టినవి సరిచూస్తున్నారు. చూస్తూ చూస్తూ ఆగిపోయారు.

"ఏమేవ్, ఈ ఎర్రసిరా పేర్లన్నీ నువ్వే కొట్టేవా?"

"ఇంకెవరు కొడతారండి? మీ పిల్లలంతా పరీక్షలకి పోయేరుగా."

"ఒక్కటీ తప్పు లేదే! పేరు అయిపోయేక ఏం నొక్కేవు?"

"నేనేం నొక్కలేదండి. అది కుయ్యిమందండి. ఉలిక్కిపడి చెయ్యి తీసేసేను. చూద్దును కదా, అదే పక్క గడిలోకి పోయి కూర్చుంది. పోన్లే అని మొగుడి పేరు కొట్టేను."

"ఉలిక్కిపడ్డావా?"

"మీ మిషన్లు గంట కొడితే నాకెప్పుడూ ఉలికిపాటేనండి. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ వింటున్నాను, అలవాటవలేదు. దానికంత కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తారేంటి?"

మాస్టారు ఆవిడని లేపి తాను కూర్చున్నారు. ఎర్రసిరా కార్డు ఒకటి పక్కన పెట్టుకుని, కళ్ళు దాని మీదే నిలిపి పేరు కొట్టారు. ఆఖరి అక్షరం పడింది. గడి నిండింది. యంత్రం కుయ్యిమని, తనంతట తానే రెండో గడిలోకి దూకింది. అదే క్షణంలో మాస్టారి చిటికెనవేలు ఎంటర్ మీద పడింది. రెండో గడి ఖాళీగా మిగిలి, అక్షరం పడే చోటు చూపించే గీత ఊరి గడిలోకి వెళ్ళి మినుకుమంది.

ఆయన మళ్ళీ కొట్టారు. ఈసారి నొక్కకూడదని అనుకునే కొట్టారు. కుయ్యిమంది. వేలు పడింది. మళ్ళీ. మళ్ళీ పడింది. తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నారు.

గడి నిండితే దానంతటదే పక్కకి వెళ్తుంది. గంట కొట్టిందంటే 'నేను వెళ్ళిపోయాను, నువ్వేమీ నొక్కకు' అని. మాకు మాస్టారు నేర్పింది సరిగ్గా దానికి ఎదురు. గంట మోగిందా, చెయ్యి వెళ్ళాలి. చూడకూడదు, ఆలోచించకూడదు. అందుకే చిన్న పేర్లకి తప్పు రాలేదు. అందుకే బాగా నేర్చుకున్నవాళ్ళకే ఎక్కువ తప్పులొచ్చాయి. తల దించమంటే దించని సుగుణకి రాలేదు. టైపే రాని అమ్మగారికి రాలేదు.

"మీరెవరూ తప్పు చెయ్యలేదు తల్లీ," అన్నారు. "నేను చెప్పినట్టే చేసేరు. అదీ వచ్చిన చిక్కు."

నాకు గెలిచినట్టు అనిపించాలి. అనిపించలేదు. ఎవరో ఒకరు దొరికితే కసితీరా తిట్టుకుందామని ఇన్నాళ్ళు కాచుకుని ఉన్నాను. తప్పు దొరికింది గానీ తిట్టడానికి మనిషి దొరకలేదు. దొరికిన ఒక్క మనిషీ ఆయన.

ఆ విడతకి మాస్టారే ఉపాయం చూశారు. ఎర్రసిరా కార్డులన్నీ విడదీసి అమ్మగారికీ సుగుణకీ ఇచ్చారు. మిగతావి మాకు. "సుగుణమ్మా, ఈ గదిలో నువ్వు తల ఎత్తే కొట్టు," అన్నారు. సుగుణ ముఖం చూడాలి ఆ రోజు! రెండో విడతలో ఒక్క తప్పూ పోలేదు.

తరవాత ఆసుపత్రికి వెళ్ళారు. కార్డుల కట్ట పట్టుకుని నేనూ వెంట వెళ్ళాను. మేనేజరు గారు అంతా విన్నారు.

"అయితే తప్పు మీదేనంటారు."

"ఆయ్, నాదేనండి. పిల్లల్ని మాత్రం ఏమీ అనకండి."

"పిల్లల్ని ఉండనిస్తామండి. మరి తప్పు మీదని మీరే అంటున్నప్పుడు, ఆ గదిలో పెత్తనం మీకెందుకు చెప్పండి? మీరు టైపు చెప్పుకోండి. కంప్యూటరు సంగతి మేము చూసుకుంటాం."

మాస్టారు "ఆయ్," అన్నారు.

మా వైపు 'ఆయ్' అంటే సరే అని అర్థం. ఆ రోజు ఆ మాటలో సరే లేదు. ఉన్నదేదో, దానికి ఇంకా పేరు దొరకలేదు నాకు.

దారిలో నేను ఉండబట్టలేక అడిగాను. "ఆ ప్రోగ్రామర్ గారిదే తప్పని చెప్పొచ్చు కదండీ మాస్టారూ? గడి దూకుతుందని ఆయన మనకి చెప్పలేదు కదా!"

"ఆయన మేలు చేద్దామనే పెట్టేడమ్మా, ఒక నొక్కు తగ్గుతుందని. నేనూ మేలు చేద్దామనే నేర్పేను. రెండు మంచిపనులు ఎదురుపడ్డాయి, మధ్యన ఆ ముసలాళ్ళ ఊళ్ళు పోయాయి."

ఆ ఊళ్ళు వెతుక్కుంటూ ఆయన తిరిగారు. తిరిగొచ్చిన పోస్టుకార్డులు సంచిలో వేసుకుని, ఆదివారాలు చర్చి అవగానే బస్సెక్కేవారు. ఒకసారి నేనూ సుగుణా వెళ్ళాం. దిండి దగ్గర ఒక ముసలావిడ అరుగు మీద కూర్చుని, కార్డు చదివించుకుని, "ఊరి చోట మా ఆయన పేరు రాసేరా? ఆయన పోయి చాన్నాళ్ళయింది బాబూ. అక్కడికి ఉత్తరం ఎలా వెళ్తుంది?" అంది. మేము నవ్వాం. మాస్టారు నవ్వలేదు. ఆవిడని మర్నాడే బస్సెక్కించే ఏర్పాటు చూశారు.

పి.గన్నవరం దాటాక ఇంకో ఆయన చేలో ఉన్నాడు. కొడవలి వదలకుండానే విన్నాడు.

"ఇప్పుడాండీ చెప్పడం? కోతలు పడ్డాయి. కన్ను ఆగుతుంది గానీ చేను ఆగదండి."

"కన్నూ ఆగదండీ. ఒక్కసారి వచ్చి చూపించుకుని వెళ్ళండి."

"చూద్దాం లెండి."

ఆ రైతు వచ్చాడో లేదో నాకు తెలియదు. అడుగుదామనుకుంటూనే ఉన్నాను.

కొన్నాళ్ళకి ప్రోగ్రామర్ గారు వచ్చి ఫారం మార్చారు. ప్రోగ్రాములో మార్చింది ఒక్క వరస. అప్పట్నుంచీ ఎంటర్ నొక్కేదాకా ఏ గడీ కదలదు. మేనేజరు గారి మాట మీద కుయ్యిమనడం కూడా తీసేశారు. మాస్టారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఆ గదిలోకి అడుగు పెట్టడం అప్పటికే మానేశారు.

"అంతేనాండీ?"

"అంతేనండి."

"ముందే చెప్పలేకపోయేరా?"

"మీరు అడగలేదు కదండీ."

"అడగడానికైనా తెలియాలి కదండీ," అన్నారు మాస్టారు.

తరవాత ఆయన కుర్చీ రెండు గదుల మధ్యన గుమ్మం దగ్గరే. అటు తిరిగి, "తల దించు!" ఇటు తిరిగి, "తల ఎత్తు!" ఒక్కోసారి తడబడి ఒకరి కేక ఒకరికి వేసేసి, తన మీద తనే విసుక్కునేవారు. "గంట లేని మిషను మిషనేంటమ్మా," అని గొణుక్కునేవారు. మొన్న శనివారం కూడా అక్కడే కూర్చుని అక్షరాలు తోముతున్నారు. నా వేళ్ళు చూసి, "గోళ్ళు తీసుకో," అన్నారు. నాతో ఆయన అన్న ఆఖరి మాట అది. అంతకన్నా పెద్ద మాట ఏదైనా అని ఉంటే ఇక్కడ రాసేదాన్ని.

బుధవారం సాయంత్రం చర్చి ఆవరణలో అన్ని బ్యాచులవాళ్ళమూ ఉన్నాం. మేనేజరు గారు కూడా వచ్చారు, దండ తెచ్చారు. చర్చి అయ్యగారు ప్రార్థన ముగించారు. మాస్టారు ఉన్న పెట్టె సమాధుల తోటకి కదలాలి. అమ్మగారు దాని మీద చెయ్యి వేసి నిలబడ్డారు. తియ్యమని ఎవరూ చెప్పలేకపోయారు.

అప్పుడు పైన గంట మోగింది.

అమ్మగారు ఉలిక్కిపడి చెయ్యి తీసేశారు. నా ఎడమచెయ్యి దానంతటది లేచి పక్కకి కదిలింది. సిగ్గేసి చుట్టూ చూశాను. నా పక్కనున్న పిల్లది, దాని పక్కది, ఆ అవతల ఎప్పుడో నేర్చుకుని ఉద్యోగాలు చేసుకుంటున్న పెద్దవాళ్ళది, వరస పొడుగునా ఎడమచేతులు పక్కకి జరిగి మళ్ళీ కిందికి దిగుతున్నాయి.

గంట మళ్ళీ మోగింది. ఈసారి సుగుణ చెయ్యి కూడా కదిలింది. అది తన చేతిని చూసుకుని, గబుక్కున వెనక్కి తిరిగింది. వెనక ఎవరూ లేరు.